లేజరు ముందు పూతా, సూదా, మత్తా?

తుగ్గలిలోనో జొన్నగిరిలోనో ఉండి ముఖం మీది మొటిమల గుంతలు తీయించుకోవాలనుకునే వాళ్లకు దగ్గర దారులు నాలుగు: ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు, లేదంటే గుంతకల్లు మీదుగా బళ్లారి. చేతిలో కాస్త డబ్బుంటే హైదరాబాదు, బెంగళూరు. ఎక్కడికి పోయినా అడిగే ప్రశ్నలు రెండే. ఎంతవుతుంది? నొప్పి పుడుతుందా? మొదటిదానికి ఊరికో జవాబు. రెండోదానికి మాత్రం ఎక్కడైనా వినబడే మాట ఒకటే: క్రీము పూస్తాం, చీమ కుట్టినట్టుంటుంది, అంతే. ఈ మాటలో అబద్ధం లేదు గానీ నిజం సగమే ఉంది. పూతను సూది పక్కన, మత్తు పక్కన పెట్టి చూస్తే తప్ప మిగతా సగం బయటపడదు.

ముందు ఆ నొప్పి ఎక్కడిదో చూడాలి. గుంతలకు ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజరు. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసినవాడు మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఈ కిరణం తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. నీటికి తగిలితే చాలు, అక్కడే ఇంకిపోతుంది. చర్మకణంలో ఎక్కువ పాలు నీరే కాబట్టి, ఆ నీరు రెప్పపాటులో ఆవిరై కణం ఎగిరిపోతుంది. చుట్టూ మిగిలిన వేడి లోపలి కొల్లాజెన్‌ను ముడుచుకునేలా చేస్తుంది, ఆ తర్వాతి నెలల్లో కొత్తది పుట్టిస్తుంది. గుంత పూడేది ఆ వేడి వల్ల, ఏడిపించేదీ ఆ వేడే. 2,940 నానోమీటర్ల ఎర్బియం లేజరును నీరు ఇంకా ఎన్నో రెట్లు గట్టిగా పీల్చుకుంటుంది. అందుకని వేడి పక్కకు పాకడం తక్కువ, మంటా తక్కువే. నెత్తురు చెమ్మ మాత్రం ఎక్కువ కనబడుతుంది, చర్మం బిగుసుకోవడం కొంత తగ్గుతుంది.

1990ల్లో అమెరికాలో ముఖం పైపొరనంతా ఒక్కసారిగా కాల్చి తీసేసే పద్ధతి జోరుగా నడిచింది. అది డాక్టరు లెక్కగట్టి చేసే కాలిన గాయమే. వారాల తరబడి ఎరుపు, రసి కారడం, కొందరికి కొన్నాళ్ల తర్వాత తెల్లబారిన మచ్చలు. పూర్తి మత్తు, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు అన్న ఏర్పాట్లన్నీ ఆ పద్ధతితో వచ్చినవే. 2004లో మాన్‌స్టైన్, ఆండర్సన్ బృందం దారి మార్చింది. చర్మమంతా కాల్చకుండా జల్లెడ కన్నాల్లా సన్నని చుక్కలు మాత్రమే కాల్చి, మధ్య మధ్య మంచి చర్మాన్ని వదిలేశారు. మిగిలిన చర్మం పక్కనున్న గాయాన్ని త్వరగా మాన్పుకుంటుంది. ఫ్రాక్షనల్ లేజరు అంటే ఇదే.

రాయలసీమ ముఖాలకు ఈ మార్పు మరీ ముఖ్యం. చర్మవైద్యులు వాడే ఫిట్జ్‌పాట్రిక్ కొలతలో మన చామనఛాయ, నలుపు చర్మాలు నాలుగు, అయిదు తరగతుల్లోకి వస్తాయి. ఇలాంటి చర్మం కాలినా, గీరుకున్నా, ఒరుసుకున్నా ఆ చోట నల్లమచ్చ వేసి నెలల తరబడి గుర్తు పెట్టుకుంటుంది. పైపొరంతా కాల్చే పద్ధతి తెల్లవాళ్లకే చిక్కులు తెస్తే, మనకు గుంత పోయి మచ్చ మిగిలే బేరం అవుతుంది. అందుకే మన చర్మవైద్యులు ఎక్కువగా ఫ్రాక్షనల్ వైపే, అదీ తక్కువ సాంద్రతతో, నెల నెలన్నర ఎడం ఇచ్చి మూడు నాలుగు దఫాలుగా చేయడం వైపే మొగ్గుతారు. అంటే మొటిమల గుంతల కోసం వెళ్లినవాళ్లకు "ముఖమంతా ఒకేసారి చేసేస్తాం, పూర్తి మత్తిస్తాం కాబట్టి మీకేం తెలీదు" అని ఎవరైనా చెబితే, మత్తు మంచిదా చెడ్డదా అని వాదించే లోపే ఇంకో ప్రశ్న అడగాలి: అంత కాల్చాల్సిన పనేమొచ్చింది? నొప్పి తగ్గించే మార్గాల పోలికలో ఈ మెట్టు దాటేసి రాసేవాళ్లే ఎక్కువ. పడమటి దేశాల పట్టికను తెచ్చి ఇక్కడ అతికిస్తే వచ్చే చిక్కు ఇది.

ఇక పూత సంగతి. క్రీము చరిత్ర చిన్నది కాదు. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకైన్‌ను తయారుచేశాడు. మన ఆసుపత్రుల్లో జైలోకైన్ అంటే తెలియనివాళ్లుండరు, అది ఇదే. సూదితో లోపలికి ఎక్కిస్తే బాగా పనిచేసే ఈ మందు పైన పూస్తే మాత్రం చెక్కుచెదరని చర్మం దాటలేకపోయేది. లిగ్నోకైన్‌నూ ప్రిలోకైన్‌నూ సమపాళ్లలో కలిపితే, విడివిడిగా గడ్డకట్టి ఉండే ఆ రెండూ గది వేడికే నూనెగా కరిగిపోతాయని తెలిశాక, 1980ల్లో అసలైన మొద్దుబార్చే క్రీము వచ్చింది. ఇవాళ మన మందుల షాపుల్లో ప్రిలాక్స్ పేరుతో దొరికేది ఈ కలయికే, రెండూ 2.5 శాతం. మందంగా పూసి, పైన గాలాడకుండా కప్పి గంట ఉంచితే సుమారు మూడు మిల్లీమీటర్ల లోతు వరకు, రెండు గంటలుంచితే అయిదు మిల్లీమీటర్ల వరకు మొద్దుబారుతుంది. ఫ్రాక్షనల్ చుక్కలు మామూలుగా అంత లోతుకు పోవు. మరి చాలామంది "క్రీము పూశారు, అయినా ప్రాణం పోయింది" అని ఎందుకంటారు? నా ఉద్దేశంలో సగం తప్పు గడియారానిది. గంట ఉంచాల్సిన పూతను, బయట జనం పెరిగేసరికి అరగంటకే తుడిచేస్తారు. మిగతా సగం యంత్రం మీద పెట్టిన శక్తిది. పైపెదవి, ముక్కు, ఎముకకు దగ్గరగా ఉండే దవడ అంచు మామూలుగానే ఎక్కువ బాధపెట్టే చోట్లు. శక్తి పెంచి ఒకే చోట రెండోసారి, మూడోసారి కొడితే ఏ పూతా ఆపలేదు.

పూతకున్న పెద్ద గుణం, సూది అక్కర్లేకపోవడం. రోగి పూర్తి మెలకువలో ఉంటాడు. "ఇక్కడ మరీ చురుక్కుమంటోంది" అని చెప్పగలడు. నల్లని చర్మానికి లేజరు కొట్టే డాక్టరుకు ఆ మాట విలువైన కబురు. వేడి ఒకచోట పోగవుతోందని యంత్రం చెప్పదు, మనిషి చెబుతాడు. పూర్తి మత్తులో ఆ కబురు తెగిపోతుంది. కొంచెం నొప్పి మిగలనిచ్చే పద్ధతి వైపు నేను మొగ్గడానికి ఇదొక కారణం, కాస్త మొండి కారణమే అనుకోండి.

పూత దోషాలు అంత తేలిగ్గా పైకి కనబడవు. 30 గ్రాముల ట్యూబులో లిగ్నోకైన్ 750 మిల్లీగ్రాములు, అంతే ప్రిలోకైన్ ఉంటాయి. 60 కిలోల మనిషికి సూదితో, అడ్రినలిన్ కలపకుండా ఇవ్వదగ్గ లిగ్నోకైన్ గరిష్ఠ మోతాదు కిలోకు 4.5 మిల్లీగ్రాముల లెక్కన 270 మాత్రమే. మంచి చర్మం మీద పూసినదాంట్లో నెత్తురులోకి చేరేది కొంచెమే కాబట్టి ఇది సాగిపోతోంది. చర్మానికి కన్నాలు పడ్డాక ఆ లెక్క తారుమారవుతుంది. మందులను చర్మం లోపలికి పంపడానికే ఫ్రాక్షనల్ లేజరును వాడుతున్న రోజులివి. ఒక విడత కొట్టాక నొప్పి అంటే మళ్లీ అదే క్రీము పూయడం, అదీ ముఖమంతా, ప్రమాదం. ప్రిలోకైన్ ఎక్కువైతే నెత్తురుకు ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి పెదాలు నీలిరంగుకు తిరుగుతాయి. జీ-6-పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు ఆ గండం ఎక్కువ. ఇంకొకటి చాలామందికి తెలియదు: ఈ క్రీముకు క్షారగుణం. కనురెప్ప దాటి కంట్లోకి పోతే నల్లగుడ్డు పైపొరను దెబ్బతీస్తుంది. కన్నూ మొద్దుబారిపోతుంది కాబట్టి అప్పుడు ఏమీ తెలియదు, గంటల తర్వాత తెలుస్తుంది.

అసలు భయం 2.5 శాతం ట్యూబులతో కాదు. అంతకు మూడు నాలుగు రెట్ల గాఢత ఉన్నవి, పచ్చబొట్ల దుకాణాల కోసమని ఆన్‌లైన్లో అమ్మేవి, అక్కడే కలిపిచ్చేవి అసలు భయం. అమెరికాలో రోమాలు తీసే లేజరు కోసం గాఢమైన క్రీమును కాళ్లంతా పూసుకుని, చెప్పినట్టే పైన ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు మూర్ఛలు వచ్చి, కోమాలోకి పోయి చనిపోయారు. 2007లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద బహిరంగ హెచ్చరిక జారీచేసింది. చీటీ లేకుండా అమ్మే పూతల్లో లిగ్నోకైన్ 4 శాతం దాటకూడదన్న తన నియమాన్ని ఉల్లంఘించిన ఆరు కంపెనీలకు 2024లో మళ్లీ తాఖీదులిచ్చింది. దూరం నుంచి వచ్చేవాళ్లకు క్లినిక్కులో గంట కూర్చోవడం దండగనిపించి, ఇంట్లోనే పూసుకుని బస్సెక్కుదామనిపిస్తుంది. తుగ్గలి నుంచి కర్నూలుకు పోయేవాళ్లకు మరీ అనిపిస్తుంది. చేయకూడని పని అదే. నాలుక మొద్దుబారడం, చెవుల్లో గుయ్యిమనడం, నోట్లో ఇనుము రుచి, తల తేలిపోవడం: ఇవి మందు నెత్తురులోకి మోతాదు మించి చేరిందనడానికి గుర్తులు. బస్సులో పక్క సీటువాళ్లు వాటిని కునుకనుకుంటారు.

సూది కథ దీనికి తలకిందులు. పేరు వింటేనే భయం, లెక్క చూస్తే నెమ్మది. ముఖానికి స్పర్శనిచ్చే నాడులు మూడు చోట్ల ఎముకలోంచి బయటికి వస్తాయి: కనుబొమ్మ దగ్గర, కంటి గుంట కిందుగా, గడ్డం పక్కన. కంటిపాప మీదుగా నిలువు గీత గీస్తే మూడూ ఇంచుమించు ఆ గీత మీదే ఉంటాయి. ఒక్కోచోట ఒకటి రెండు మిల్లీలీటర్ల లిగ్నోకైన్ ఇస్తే నుదురు, కింది రెప్ప, ముక్కు పక్క, పైపెదవి, గడ్డం మొద్దుబారతాయి. రెండు వైపులా కలిపి ఎనిమిది మిల్లీలీటర్ల రెండు శాతం మందు వాడినా 160 మిల్లీగ్రాములే. 60 కిలోల మనిషికి అడ్రినలిన్ కలిపిన మందులో హద్దు 420. ఎంత మందు లోపలికి పోయిందో సిరంజి మీద గీతలు చెబుతాయి. ట్యూబు ఈ లెక్క చెప్పలేదు.

పైగా సూది పెట్టేవాడు డాక్టరే అయ్యుండాలి, నాడి ఎక్కడుందో తెలిసినవాడై ఉండాలి. పూత పూసేది చాలా చోట్ల సహాయకురాలు, ఆమెకు ఎంత పూయాలో చెప్పినవాళ్లుండరు. పూసి బయట బెంచీ మీద కూర్చోబెడతారు. ప్రమాదం తక్కువనుకున్న పద్ధతి దగ్గర కాపలా తక్కువ. ఈ మూడింటిని పక్కపక్కన పెట్టినప్పుడు నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలిన సంగతి ఇదే.

అలాగని సూదిని నెత్తినెక్కించుకోలేం. మొటిమల గుంతలు ఎక్కువగా ఉండేది బుగ్గల మీద, అందులోనూ చెవి వైపు బుగ్గ మీద, దవడ మూల దగ్గర. కంటి కింద ఇచ్చే సూది బుగ్గ ముందు భాగాన్నే కాపాడుతుంది. పక్క బుగ్గకు వేరే నాడులు, దవడ మూలకు మెడ నుంచి వచ్చే నాడి. అంటే నొప్పి ఎక్కువగా ఉండే చోటికే ఈ మూడు సూదులూ చేరవు. అక్కడ చర్మం కిందంతా విడిగా మందు ఎక్కించాలి, అప్పుడు సూదిపోట్లు పెరుగుతాయి, ముఖం ఉబ్బుతుంది, గుంతల ఆకారం చెదిరి డాక్టరు కంటికి లోతు సరిగా ఆనదు. మందు ఎక్కేటప్పుడు పుట్టే మంట మందులోని ఆమ్లగుణం వల్ల. పది మిల్లీలీటర్లకు ఒక మిల్లీలీటరు సోడియం బైకార్బొనేట్ కలిపి, 30 నంబరు సన్నసూదితో, కంటి కింది నాడికి నోటి లోపలి నుంచి మెల్లగా ఇస్తే మంట బాగా తగ్గుతుంది. ఖర్చు కొద్ది రూపాయలు. అయినా చాలాచోట్ల ఆ ఓపిక ఉండదు.

కాబట్టి మంచి చేతుల్లో జరిగేది ఎక్కువగా కలగలుపు: ముఖమంతా గంట సేపు పూత, పైపెదవి, గడ్డం లాంటి చోట్లకు సూది, కొట్టేటప్పుడు చల్లగాలి ఊదే గొట్టం. చల్లగాలికి ఇక్కడ ప్రత్యేక స్థానం ఉంది. చాలా లేజర్లకు చల్లని జెల్లో, గాజుపలకో చర్మానికి ఆనించి చల్లార్చవచ్చు. కార్బన్ డయాక్సైడ్ కిరణానికి అది కుదరదు, పైన తడి ఉంటే కిరణాన్ని తడే తాగేస్తుంది. గాలి అయితే అడ్డం రాదు. ఐసు ముక్కలు పెట్టాలంటే విడతకూ విడతకూ మధ్యన, తడి తుడిచేశాకే మళ్లీ కిరణం.

మిగిలింది మత్తు. ఇందులోనూ రెండు మెట్లున్నాయి. నరంలోకి మిడజోలమ్, ఫెంటనిల్ లాంటివి ఇచ్చి జోగేలా చేయడం ఒకటి, గొట్టం వేసి పూర్తిగా నిద్రపుచ్చడం రెండోది. కాలిన గాయాల మచ్చలు పెద్ద మేర ఉన్నవాళ్లకు, కుదురుగా ఉండలేని పిల్లలకు, ముఖమంతా లోతుగా చేయక తప్పనివాళ్లకు మత్తే న్యాయం. కిరోసిన్ స్టవ్వు, గ్యాసు మంటల్లో కాలినవాళ్ల బిగుసుకుపోయిన మచ్చలకు పూత పూసి కూర్చోబెట్టడం క్రూరత్వం. అలాంటి పని కర్నూలు పెద్దాసుపత్రి లాంటి చోట, మత్తు డాక్టరు పక్కనుండగా జరగాలి తప్ప వీధి మీది గదిలో కాదు.

మత్తు విషయంలో తెలుగు నేలకు ఒక పాత వాదన ఉంది. 1888లోనూ 1889లోనూ హైదరాబాదులో క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు, రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి లారీ తేల్చింది ఇది: క్లోరోఫామ్ ముందు ఊపిరిని ఆపుతుంది, గుండెను నేరుగా ఆపదు, కాబట్టి ఊపిరిని చూస్తూ ఉంటే చాలు, నాడి పట్టి చూడనక్కర్లేదు. 1911లో గుడ్‌మన్ లెవీ చేసిన ప్రయోగాలు వేరే సంగతి చెప్పాయి. తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో, అడ్రినలిన్ తోడైతే, గుండె ఉన్నట్టుండి లయ తప్పి ఆగిపోగలదు. లారీ సగం సరి, సగం తప్పు. ఊపిరి మీద అంత పట్టింపు పెట్టడం సరి, గుండెను వదిలేయడం తప్పు. ఆ హైదరాబాదులోనే క్లోరోఫామ్ ఇవ్వడం నేర్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాళ్లలో ఒకరిగా చరిత్రకారులు చెబుతారు. మందు ఇచ్చేవాళ్లు వేరు, కోసేవాళ్లు వేరు అన్న కట్టుబాటు హైదరాబాదులో అంత పాతది. నేటి లేజరు గదికి దాన్ని అన్వయిస్తే, లేజరు పట్టుకున్న చేతే మత్తు సూది కూడా వేసి, రెండూ తానే చూసుకుంటానంటే అక్కడ పడుకోకూడదు. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, గుండె కొట్టుకోవడం చూపే తెర, ఊపిరి కొలత, వాటి మీద కన్ను తిప్పని ఇంకో డాక్టరు ఉండాలి.

మత్తుకు లేజరుతో ఒక ప్రత్యేకమైన తగాదా ఉంది, అది నిప్పు. జోగేవాళ్లకు ముక్కు దగ్గర ఆక్సిజన్ పెడతారు. కార్బన్ డయాక్సైడ్ లేజరు ఆ ముఖం మీదే కాలుస్తుంది. పక్కన పొడి గాజుగుడ్డ, కనుబొమ్మ వెంట్రుకలు, అప్పుడే తుడిచిన స్పిరిట్ చెమ్మ. ఆక్సిజన్ దట్టంగా ఉన్నచోట వీటికి అంటుకోవడానికి ఒక్క చుక్క వేడి చాలు. అందుకే గుడ్డలు తడిగా ఉంచడం, స్పిరిట్‌తో తుడవకపోవడం లేదా పూర్తిగా ఆరనివ్వడం, కాల్చే క్షణాల్లో ఆక్సిజన్ తగ్గించడం. పూతలోనూ సూదిలోనూ రోగి తన గాలి తానే పీలుస్తాడు, ఆక్సిజన్ గొట్టం ఉండదు. ప్రచార కాగితాల్లో మత్తు పక్కన "పూర్తి సుఖం" అని ఉంటుంది, ఈ నిప్పు సంగతి ఎవరూ అచ్చువేయరు.

నోటి మాత్రల గురించి రెండు ముక్కలు చాలు. ముందుగా వేసుకునే పారాసెటమాల్ సాయంత్రపు మంటకు పనికొస్తుంది, కిరణం నొప్పిని ఆపదు. ధైర్యానికిచ్చే నిద్రమాత్ర నొప్పిని కాదు, నొప్పి మీది గోలను తగ్గిస్తుంది.

చివరికి తేడా తెలిసేది గది బయట, ఇంటిదారిలో. ఫ్రాక్షనల్ లేజరు తర్వాత ఎండకు కమిలినట్టు మంట కొన్ని గంటలుంటుంది. పూత ప్రభావం తుడిచాక గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ సూది ఇంకాస్త ఎక్కువ సేపు, బుపివకైన్ అయితే నాలుగు నుంచి ఎనిమిది గంటలు నిలుస్తుంది. మత్తు తీసుకున్నవాళ్లు తోడు లేకుండా బయల్దేరకూడదు, ఒక రోజంతా బండి నడపకూడదు, ముందు ఆరు గంటలు ఏమీ తినకుండా రావాలి. తెల్లవారుజామునే బయల్దేరి వచ్చేవాళ్లకు ఆ ఉపవాసం మరీ కష్టం. ఆదోనిలో ఉంటూ ఆదోనిలోనే చేయించుకునేవాళ్లకు పూత, చల్లగాలి చాలు. కర్నూలులో చేయించుకుని కోడుమూరు, పత్తికొండ మీదుగా తుగ్గలికి తిరుగు ప్రయాణం చేసేవాళ్లు డాక్టరును సూది గురించి, అందులో ఎక్కువసేపు నిలిచే మందు గురించి అడగాలి. సూదితో పెదాలు మొద్దుబారినంత సేపు దారిలో వేడి టీ తాగకూడదు, కాలినా తెలియదు. తొలకరికి వజ్రాల కోసం జొన్నగిరి, మద్దికెర చేలల్లో పొద్దంతా తిరిగేవాళ్లు, పత్తి తీతకు పోయేవాళ్లు ఆ పనులయ్యే వరకు లేజరు తేదీ వాయిదా వేసుకోవాలి. మానుతున్న చర్మానికి ఎండ తగిలితే నల్లమచ్చ వేస్తుంది, దాన్ని ఆపే మొద్దుమందు ఏదీ లేదు.